కుక్క గుర్రుమంటే కర్ర తీయకండి



మిరప కల్లాల సీజను నడుస్తంది. మన పల్నాడు వైపు సగం ఊరు రాత్రిళ్ళు కల్లాల్లోనే పడుకుంటంది. క్వింటాళ్ళకి క్వింటాళ్ళు కాయ ఆరబోసి ఇంట్లో పడుకుంటే నిద్ర ఎక్కడ పడుద్ది? మంచం, దుప్పటి, టార్చిలైటు, ఒక కర్ర, మంచం కింద ఒక కుక్క. ఏ కల్లం చూసినా ఇదే సరంజామా. ఈ నెల రోజుల్లో నన్ను నలుగురైదుగురు ఒకే మాట అడిగారు. "మా కుక్క ఈ మధ్య ఊరికే గుర్రుమంటంది, ఎందుకంటావ్? పిచ్చి గానీ ఎక్కిందా?" అని. ఒకాయనైతే ఇంకో అడుగు ముందుకేసి, "రెండు పీకితే సర్దుకుందిలే" అన్నాడు కూడా. ఆ రెండో మాటకే నాకు భయమేసి ఈ పోస్టు రాస్తున్నా. కొంచెం పెద్దదైద్ది. కల్లం కాడ కూర్చుని తీరిగ్గా చదవండి.

నేను పశువుల డాక్టర్ని కాదు. ఇంటర్ అయ్యాక పొలంలో దిగినోణ్ణి. కాకపోతే ముప్పై ఏళ్ళుగా మా చావిడిలో కుక్క లేని రోజు లేదు. మా మండలం పశువుల డాక్టరు గారిని విసిగించి అడిగి తెలుసుకున్నవి కొన్ని, కళ్ళారా చూసినవి కొన్ని చెప్తా.

ముందు ఒక సంగతి. మొరగడం వేరు, గుర్రుమనడం వేరు. మొరగడం దూరానికి. "ఎవడ్రా అది" అని ఊరంతా వినపడేట్టు కేకేయడం. గుర్రుమనడం దగ్గరకి. గొంతు లోపల, పళ్ళ మీద పెదవి కొంచెం లేపి, ఎదురుగా ఉన్నోడికి మాత్రమే వినపడేట్టు చెప్పే మాట అది. "అక్కడే ఆగు, ఇంక దగ్గరకి రామాక" అని దాని అర్థం. కరవాలని ఉన్న కుక్కకి ఈ మాట చెప్పాల్సిన పనేముంది, నేరుగా వచ్చి కరుస్తది. కరవకుండా పని జరిగితే బాగుండు అనుకునే కుక్కే గుర్రుమంటది. మన గేదె కూడా అంతే కదా, దూడ దగ్గరకి కొత్తోడు పోతే ముందు కొమ్ము ఆడిస్తది, అయినా పోతే అప్పుడు కుమ్ముద్ది.

పాముల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రక్తపింజర ఎంత విషమున్నదైనా ప్రెషర్ కుక్కర్ లాగా బుస కొడుద్ది. ఆ బుస విని గట్టు మీద వెనక్కి గెంతి బతికినోళ్ళు మనలో ఎంతమంది లేరు! కట్లపాము అట్టా కాదు. రాత్రిపూట నేల మీద పడుకున్నోడి పక్కలోకి చప్పుడు లేకుండా వచ్చి కరుస్తది. కరిచినట్టు కూడా ఒక్కోసారి తెలీదు. గుర్రుమన్నప్పుడల్లా కొట్టి కొట్టి, ఆ గుర్రు మాన్పించిన కుక్క కట్లపాముతో సమానం. దాని భయం ఎక్కడికీ పోలేదు, నొప్పి ఎక్కడికీ పోలేదు. చెప్పడం ఒక్కటే మానేసింది.

ఇది పోలిక కోసం అంటున్న మాట కాదు. మా బావ వరసాయన ఒకాయన ఇంట్లో జరిగింది. వాళ్ళ కుక్క టైగరు. మంచిది, పొలానికి బండి వెనకే వచ్చేది. అన్నం తినేటప్పుడు పిల్లలు దగ్గరకి పోతే మాత్రం గుర్రుమనేది. మా బావకి అది నామర్దా అనిపించింది. "నా అన్నం తిని నా పిల్లల మీదే గుర్రుమంటదా" అని అన్నప్పుడల్లా ములుకర్రతో ఒకటి వేసేవాడు. మూడు నాలుగు నెలలకి టైగరు గుర్రుమనడం మానేసింది. "చూశావా బావా, లైన్లో పెట్టా" అని నా దగ్గర కూడా గొప్ప చెప్పాడు. అప్పుడే అన్నా, "అది మారలేదు బావా, నోరు మూసుకుంది" అని. నవ్వేశాడు. ఆ దసరాకి కూతురూ మనవడూ వచ్చారు. నాలుగేళ్ళోడు. టైగరు తింటా ఉంటే పక్కన గొంతుక్కూర్చుని గిన్నెలో చెయ్యి పెట్టాడు. గుర్రు లేదు, పెదవి లేవలేదు. బుగ్గ మీద కరిచింది. ఇల్లంతా ఒకటే మాట: "ఉలుకూ పలుకూ లేకుండా కరిచిందే!" పలుకు ఉండేది. దాన్నే కదా నాలుగు నెలలు ములుకర్రతో కొట్టింది.

పిల్లోడు బతికి బాగున్నాడు. ఆసుపత్రికి ఎట్టా తీసుకుపోయారు, ముందు ఏం చేశారు అన్నది కింద చెప్తా, అది అందరికీ కావాల్సిన సంగతి.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. "ఊరికే" గుర్రుమంటంది అంటాం. ఊరికే అంటే మనకి కనపడలేదు అని. కారణం లేదని కాదు. మిరపాకు ముడుచుకుంది అనుకోండి, తెలివైన రైతు ఎవడైనా మందుల షాపుకి పరిగెత్తే ముందు ఆకు తిప్పి చూస్తాడు. అంచులు పైకి తిరిగితే తామర పురుగు, కిందకి తిరిగితే నల్లి. రెండూ ముడతే. దీని మందు దానికి కొడితే డబ్బులు దండగ, చేను పోద్ది. గుర్రు కూడా అట్టాంటిదే. ఎప్పుడు అంటంది, ఎక్కడ అంటంది, ఎవర్ని చూసి అంటంది, ఒంట్లో ఏ వైపు పోతే అంటంది, ఇవి నాలుగు రోజులు గమనిస్తే ముప్పాతిక వంతు అక్కడే తేలిపోద్ది.

రాత్రిపూట కల్లంలో ఎవరూ లేని వైపు చూసి గుర్రుమనడం మనకి ఎక్కువ అనుభవం. మనిషి చెవి హెచ్చు సన్నపు శబ్దం 20,000 హెర్ట్జ్ దాకా వింటది, అదీ కుర్రతనంలో. యాభై దాటిన నాబోటోడికి అందులో చాలా పోయింటది. కుక్క చెవి 45,000 దాకా వింటది. ఎలకలు తమలో తాము పెట్టుకునే అరుపులు కొన్ని మనకి అసలు వినపడవు, కుక్కకి వినపడతయ్. ముక్కు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. గాలి అటునుంచి ఇటు వీస్తే చాలు, ఎక్కడో రెండు చేల అవతల అడవి పంది నడిచినా దీని మెడ మీద వెంట్రుకలు లేస్తయ్. మన టార్చికి ఏమీ కనపడదు కాబట్టి "దయ్యాన్ని చూసిందిరా" అంటాం. మా పెద్దోళ్ళూ అనేవాళ్ళు, నేను వాళ్ళతో వాదం పెట్టుకోను. తెల్లారాక గట్టు మీద అడుగులు చూస్తే మాత్రం చాలాసార్లు ఆ దయ్యానికి గిట్టలుంటయ్.

ఇంకో సంగతి చెప్తా. రెండేళ్ళ కింద మా మోటారు కాడ నల్లోడు, అంటే మా కుక్క, స్టార్టరు డబ్బా వైపు చూసి గుర్రుమంటా నిలబడింది. డబ్బా దగ్గరకి నేను పోతుంటే కాళ్ళకి అడ్డం పడతంది. రోజూ వేసే మోటారే, రోజూ తెరిచే డబ్బానే. సరేలే అని ఎండుకర్రతో దూరం నించి తలుపు నెట్టా. లోపల బల్లుల కోసం దూరిందో, వెచ్చదనానికి దూరిందో, మూరెడు పాము చుట్టుకుని ఉంది. ఏ జాతో చూసేంత తీరిక ఇవ్వలేదు, జారి పోయింది. అన్నిసార్లూ ఇట్టా పామే ఉంటదని కాదు. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఏమీ దొరకదు. ఆ రెండుసార్ల కోసం ఎనిమిదిసార్లు లేచి టార్చి వేయడానికి నాకేం కష్టం లేదు. మిరపకాయ కప్పిన టార్పాలిన్ పట్టా కింద ఎలకలు చేరతయ్, ఎలకల కోసం పాములొస్తయ్. కుక్క పట్టా అంచు కాడ ముక్కు పెట్టి గుర్రుమంటే చెయ్యి పెట్టి ఎత్తబాకండి, కర్రతో ఎత్తండి.

ఇది బయటి సంగతి. మనల్ని చూసి, ఇంట్లో మనుషుల్ని చూసి గుర్రుమంటే కథ వేరు. రోజూ తోక ఊపే కుక్క ఒక్కసారిగా ముట్టుకోనివ్వడం లేదంటే నేను మొదట అనుమానించేది నొప్పిని.

మా నల్లోడి సంగతే. ఏడెనిమిదేళ్ళ కుక్క అప్పటికి. మా వీధిలో బడికి పోయే పిల్లోడు ఒకడు పోతా పోతా దాని తల మీద చెయ్యేసి పోయేవాడు. ఒకరోజు వాడి మీద గుర్రుమంది. మర్నాడు పాలకేంద్రం కాడ ఒకాయన మీద గుర్రుమంది. సాయంత్రానికి ఊళ్ళో పాకింది, ఫలానా వాళ్ళ కుక్కకి పిచ్చెక్కింది అని. చీకటి పడేసరికి ఏడెనిమిది మంది కుర్రోళ్ళు కర్రలు పట్టుకుని వాకిట్లో ఉన్నారు. "బాబాయ్, నువ్వు లోపలికి పో, మేం చూసుకుంటాం" అన్నారు. వాళ్ళని తప్పు పట్టను. వీధిలో పిల్లలున్నారు, భయం ఉంటది. కానీ ఒక ప్రాణం తీయడానికి వచ్చినప్పుడు కొంచెం ఆగి చూడాలి కదా.

ఆగమన్నా. నల్లోడికి ఏటేటా పిచ్చికుక్క టీకా వేయించిన కార్డు ఉంది, అది చూపించా. "ఇది పిలిస్తే వస్తంది, అన్నం తింటంది, నడకలో తేడా లేదు. చూడండి, ఎడం పక్క చెయ్యి చూపిస్తే ఏమీ అనడం లేదు, కుడి పక్క చూపిస్తేనే గుర్రుమంటంది. పిచ్చికి కుడీ ఎడమా ఉంటదా?" అని అడిగా. ఒకడు "నీళ్ళు పెట్టు, తాగితే పిచ్చి లేనట్టే" అన్నాడు. ఆ మాట నమ్మొద్దని అక్కడే చెప్పా, మీకూ చెప్తున్నా. నీళ్ళంటే భయపడేది ఆ జబ్బు సోకిన మనిషి. కుక్క అట్టా భయపడాలని లేదు. పిచ్చి కుక్క కూడా నీళ్ళ తొట్టిలో మూతి పెట్టొచ్చు. కాబట్టి ఆ పరీక్షతో ఎవరూ ధీమాగా ఉండబాకండి. చివరికి ఒప్పందం ఏందంటే, చావిట్లో గట్టి గొలుసుతో కట్టేస్తా, పిల్లల్ని ఎవర్నీ రానివ్వను, పొద్దున్నే డాక్టరు గారికి చూపిస్తా, ఆయన పిచ్చి అంటే మీ ఇష్టం.

పొద్దున్నే పశువుల ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయా. డాక్టరు గారు ముందు దూరం నించి కాసేపు చూశారు. తర్వాత మెత్తటి గుడ్డ పీలికతో మూతి కట్టించి, కుడి చెవి వెనక్కి తిప్పారు. లోపల గోమార్లు. మన పక్క కొందరు పిడుదులు అంటారు. ద్రాక్ష గుత్తి లాగా పట్టి ఉన్నయ్. దాని వెనక చీము. ఆ చెవి పక్కన ఎవరు చెయ్యి వేసినా ప్రాణం పోయినంత నొప్పి దానికి. గోమార్లు తీసి, కడిగి, మందు వేసి, వారం రోజులకి మందులిచ్చారు. ఐదో రోజుకి నా చెయ్యి పడనిచ్చింది. పది రోజులకి ఆ బడి పిల్లోడి కోసం గేటు కాడ నిలబడింది.

చెవి ఒక్కటే కాదు. అరికాలి మెత్తల మధ్య తుమ్మముల్లు విరిగి ఉండొచ్చు. పన్ను పుచ్చి ఉండొచ్చు, అప్పుడు గట్టి రొట్టె చూసి పక్కకి పోద్ది. తోక కింద, మెడ పట్టా కింద పుండు పడి పురుగు పట్టి ఉండొచ్చు. మెడకి పట్టా కట్టి ఏళ్ళ తరబడి వదిలేస్తాం, కుక్క పెరుగుద్ది, పట్టా పెరగదు. వేలు దూరుద్దో లేదో నెలకోసారి చూడండి. వయసు మీద పడ్డ కుక్కలకి చలికాలం పొద్దున్నే కీళ్ళు పట్టేస్తయ్, మనలాగే. లేవడానికి తంటాలు పడేటప్పుడు పిల్లలు మీద పడితే గుర్రుమంటది. కళ్ళల్లో నీలం పొర వచ్చిన కుక్క, చెవుడు వచ్చిన కుక్క నిద్రలో ఉన్నప్పుడు చటుక్కున ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవొచ్చు. దాన్ని లేపాలంటే దూరంలో కాలితో నేల తట్టండి. చెవికి అందకపోయినా నేల అదురు ఒంటికి తెలుస్తది.

ఇక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పాలి. గోమార్లు పట్టినయ్ అని చేలో కొట్టే పురుగుమందు నీళ్ళల్లో కలిపి కుక్క ఒంటికి పూసేవాళ్ళు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. కుక్క ఒళ్ళు నాక్కుంటది. ఆ మందు తోలు గుండా కూడా లోపలికి పోద్ది. నోట్లో సొంగ కారి, ఒళ్ళు వణికి, గంటల్లో చచ్చిపోయిన కుక్కల్ని చూశా. రెండోది, మనం ఒళ్ళునొప్పులకి వేసుకునే బిళ్ళలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తయ్, మూత్రపిండాలు పాడు చేస్తయ్. పాపం నొప్పితో ఉంది అని జాలిపడి ఇచ్చిన బిళ్ళే దాని ప్రాణం తీయొచ్చు. దానికి తగిన మందులు వేరే ఉన్నయ్. ఆసుపత్రి దూరమైతే 1962కి ఫోన్ చేయండి, పశువుల అంబులెన్సు నంబరు అది, మన దగ్గరా తెలంగాణలోనూ అదే నంబరు.

నొప్పి కాకపోతే తర్వాత చూడాల్సింది తిండి, పిల్లలు, చోటు. ఈనిన ఆడకుక్క మొదటి రెండు మూడు వారాలు ఎవర్నీ రానివ్వదు, ఇంటాయన్నైనా సరే. అది దాని ధర్మం, పొండి పక్కకి. తిండి కాడ గుర్రుమనే కుక్కకి గోడ పక్కనో వామి వెనకో, మనుషులు తిరగని చోట పెట్టండి. మా ఇంట్లో ఒకదానికి ఈ అలవాటు ఉంటే, అది తింటా ఉన్నప్పుడు మా ఆవిడ దూరం నించే ఇంకో రొట్టె ముక్క విసిరి పోయేది. రోజుకి ఒక అడుగు దగ్గర నించి. నెలకి అది మనిషి వస్తే తోక ఊపడం మొదలుపెట్టింది. మనిషి వస్తే అన్నం పోద్ది అనే భయం పోయి, మనిషి వస్తే ఇంకో ముక్క వస్తది అనే ఆశ పుట్టింది. అంతే కిటుకు. ములుకర్ర ఖర్చు కూడా లేదు.

పొట్టి గొలుసుతో పగలంతా కట్టేసిన కుక్క సంగతి కూడా ఆలోచించండి. భయమేస్తే ఏ జంతువైనా ముందు పారిపోవాలనే చూస్తది. గొలుసు ఉన్నదానికి పారిపోడానికి లేదు, గుర్రొక్కటే మిగిలింది. దీపావళి టపాకాయలకీ, తిరణాల మైకులకీ చాలా కుక్కలు మంచం కిందకి దూరతయ్. దూరిన దాన్ని కాలు పట్టి లాగబాకండి. దాన్నట్టా వదిలేస్తే తెల్లారేసరికి అదే వస్తది.

గోనెసంచి ముక్క పట్టుకుని లాగులాడేటప్పుడు కూడా గుర్రుమంటయ్. అది ఆట. ఒళ్ళు వదులుగా ఉంటది, ముందు కాళ్ళు చాపి వెనక లేపుద్ది, మధ్యలో వదిలేసి మళ్ళీ వస్తది. ఒళ్ళు కర్రలాగా బిగుసుకుని, కదలకుండా, చూపు నిలిపి అనే గుర్రు ఆట కాదు. ఈ తేడా పిల్లలకి చూపించి నేర్పండి, వాళ్ళు మనకన్నా తొందరగా పట్టేస్తారు.

ఇంక పిచ్చి సంగతి. ఇందులో తేలిగ్గా తీసుకునేది ఏదీ లేదు. కొన్నాళ్ళుగా ఉన్న స్వభావం ఒక్కసారిగా తిరగబడుద్ది. చలాకీగా ఉండేది చీకటి మూల చేరుద్ది, లేదా సాధువుగా ఉండేది కర్రనీ రాయినీ మట్టినీ కూడా కరుస్తది. గొంతు మారి బొంగురుపోద్ది. నోటి వెంట సొంగ, కింది దవడ వేలాడటం, నడకలో తూలడం. గుర్రుమనకుండా మౌనంగా ఉండే పిచ్చి కూడా ఉంది. దవడ వేలాడేసి, మింగలేక, గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు కనపడుద్ది. పాపం ఎముక తీద్దామని నోట్లో చెయ్యి పెట్టేవాళ్ళకి ప్రమాదం అక్కడే. గేదెకీ ఆవుకీ ఇదే. పిచ్చికుక్క కరిచిన గేదె మేత మింగలేక, సొంగ కారుస్తా, ఆగకుండా అరుస్తా ఉంటది. మనం మేత అడ్డం పడింది అనుకుని నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతాం, గొట్టంతో మందు పోస్తాం. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, ఆ సొంగ ద్వారా జబ్బు మనకి వస్తది. ఇట్టాంటి లక్షణం కనపడితే చెయ్యి పెట్టబాకండి, డాక్టరుని పిలవండి. ఆ గేదె పాలు వాడబాకండి.

కుక్క కరిస్తే, పన్ను గీరుకున్నా, గాయం మీద నాకినా, ముందు చేయాల్సింది మోటారు కాడే ఉంది. ధారగా పడే నీళ్ళ కింద సబ్బు పెట్టి 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి 15. మా బావ కూతురు పిల్లోడి బుగ్గ పంపు కింద అట్టానే కడిగింది, ఆ తర్వాతే బండెక్కారు. కారం, సున్నం, పసరు, కాఫీపొడి ఏదీ పెట్టబాకండి. కట్టు కట్టి బిగించబాకండి. అట్నుంచి అటే ఆసుపత్రి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ప్రభుత్వాసుపత్రుల్లో ఈ టీకా డబ్బులు లేకుండా వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. రక్తం వచ్చేట్టు కరిస్తే గాయం చుట్టూ సీరం అని ఇంకో ఇంజెక్షన్ కూడా వేయాలి, అది అడగండి. మొహం మీద, తల మీద, చేతివేళ్ళ మీద గాయమైతే అసలు ఆలస్యం చేయొద్దు. రెండు సూదులు అయ్యాక నొప్పి తగ్గింది కదా అని పత్తి ఏరడానికి పోయి మిగతావి మానేసేవాళ్ళు మనలోనే ఉన్నారు. కరిచిన నెలకో, మూడు నెలలకో, ఒక్కోసారి ఏడాది దాటాకో బయటపడే జబ్బు ఇది. బయటపడ్డాక బతికించే మందు ఇంతవరకు లేదు. కరిచిన కుక్కని 10 రోజులు కనిపెట్టి చూడమంటారు, నిజమే. అయితే ఆ పది రోజులు అయ్యాక సూది వేయించుకుందాం అనుకోవద్దు. సూది ఇవాళ, కనిపెట్టడం ఇవాళ్టి నించి. రెండూ ఒకేసారి మొదలవ్వాలి.

మన కుక్కకి మూడు నెలల వయసులో మొదటి టీకా, తర్వాత బూస్టరు, ఆ తర్వాత ఏటా. లూయీ పాశ్చర్ అనే ఫ్రాన్సు శాస్త్రవేత్త 1885లో జూలై 6న కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లోడికి మొదటిసారి ఈ టీకా మొదలుపెట్టి కాపాడాడు. ఆ రోజు గుర్తుగా జూలై 6న చాలా చోట్ల పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా వేస్తారు. ఖరీఫ్ విత్తనాల హడావుడిలో మనం మర్చిపోతాం. కార్డు తీసుకుని గొడ్ల చావిట్లో కాకుండా ఇంట్లో బీరువాలో పెట్టండి. ఆ రాత్రి నా చేతిలో కార్డు లేకపోతే నల్లోడు తెల్లారేదాకా ఉండేది కాదు.

ఎదురుగా కుక్క గుర్రుమంటే అప్పటికప్పుడు ఏం చేయాలి అని అడిగారు ఒకరు. ఆగిపోండి. కళ్ళల్లోకి గుచ్చి చూడొద్దు. ఒళ్ళు కొంచెం పక్కకి తిప్పి, చేతులు దగ్గరగా పెట్టుకుని, మెల్లగా వెనక్కి అడుగులేయండి. పరిగెత్తితే వెంటపడుద్ది. పిల్లలకి మా ఇంట్లో ఒక్కటే చెప్పాం, "చెట్టులాగా నిలబడు" అని. మీ కుక్కే అయితే పక్కకి వచ్చాక, కోపం దిగాక ఆలోచించండి, ఇప్పుడు ఏం జరగబోతుంటే అది గుర్రుమంది అని.

మా బావ టైగరుని చంపలేదు. చంపుతానని లేచాడు, కూతురే ఆపింది. పది రోజులు కట్టేసి చూశారు, దానికి ఏమీ కాలేదు. ఇప్పుడు దానికి అన్నం వామి వెనక పెడతన్నారు, ములుకర్ర ఎడ్ల దగ్గరికి తిరిగిపోయింది. మొన్న మా బావ ఫోన్ చేశాడు. అన్నం గిన్నె తీయబోతుంటే టైగరు చానాళ్ళకి మళ్ళీ గుర్రుమందంట. "ఏం చేశావ్ బావా?" అన్నా. "గిన్నె అక్కడే వదిలేసి వచ్చా. తినటం అయ్యాక తీసుకున్నా" అన్నాడు.